గడగడా చదివాడు సరే... ఏం చదివాడు?

నేను మాట్లాడుతున్నది గంపలగూడెం నుంచి. ఎన్టీఆర్ జిల్లా, తిరువూరు పక్కన. మ్యాపులో చూసుకునేవాళ్లకి ఇంకో గుర్తు: కాస్త పడమటికి వెళ్తే తెలంగాణ వచ్చేస్తుంది, అక్కడ మధిర. మా దగ్గర కట్టలేరు ఉంది, మామిడి తోటలున్నాయి, మిరప, పత్తి ఉన్నాయి. రాజుల కథలు, కోటల కథలు మీకు బోలెడు ఛానళ్లలో దొరుకుతాయి. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది ఒక శబ్దం చరిత్ర.

ఆ శబ్దం మీ అందరికీ తెలుసు. ఏ ప్రాథమిక బడి ముందు నుంచి నడిచినా వినిపిస్తుంది. ఒకరు ముందు చదువుతారు, మిగతా క్లాసంతా వెనకాల అంటుంది. వాక్యం చివర గొంతు కాస్త పైకి లేపి సాగదీస్తారు. నేనూ అలాగే చదివాను, మీరూ అలాగే చదివి ఉంటారు. ఇంటికి చుట్టాలొస్తే "ఏదీ, మామయ్యకి పాఠం చదివి వినిపించు" అంటారు. పిల్లాడు గడగడా చదివేస్తాడు. "అబ్బో, బాగా చదువుతున్నాడే" అంటారు. ఇంతకీ ఆ పాఠంలో ఏముందిరా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే వాడు మళ్లీ పుస్తకంలోకి చూస్తాడు.

చదవడం అంటే శబ్దం చేయడం అనే ఈ అలవాటు మనకు ఎప్పటి నుంచి ఉంది, దాన్ని మార్చాలని ఎవరెవరు ప్రయత్నించారు, ఎందుకు పూర్తిగా మారలేదు? ఇదే ఈ రోజు విషయం.

ముందు మన లిపి గురించి ఒక మాట. ఇంగ్లీషులో తెలియని మాట ఎదురైతే చాలాసార్లు పలకడం దగ్గరే తడబడతాం. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వస్తే ఏ కాగితమైనా చదివేయొచ్చు. కావాలంటే వీడియో పాజ్ చేసి ఒక పని చేయండి. ఇంట్లో బీరువాలో పొలం దస్తావేజు ఉంటుంది కదా, పాతది, దాన్ని తీసి పైకి చదవండి. దఖలు, యావత్తు, హక్కుభుక్తములు... ఎక్కడా ఆగరు. పేజీ అయిపోతుంది. ఇప్పుడు ఆ పొలం ఎవరు ఎవరికి ఏ షరతు మీద రాసిచ్చారో చెప్పండి చూద్దాం. 

అంటే మన లిపి ఎంత మంచిదో అంత మోసం కూడా చేస్తుంది. నోరు ఆగకపోతే బుర్ర కూడా నడుస్తోందని వినేవాళ్లు అనుకుంటారు. చదివేవాడు కూడా అదే అనుకుంటాడు. పైగా ఆ అక్షరాలు పట్టుబడటానికే చాలా టైం పడుతుంది. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు పనిచేశారు. గుణింతాలు, ఒత్తులతో సహా అన్నీ కుదురుకునేసరికి నాలుగైదు తరగతులు దాకా పడుతుందని ఆవిడ చూశారు. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలతో అయిపోయే మెట్టు మనకు ఏళ్లు సాగుతుంది. ఆ ఏళ్లన్నీ బడి దృష్టి అక్షరం మీదే ఉంటే, అర్థం సంగతి "తర్వాత చూద్దాం" అవుతుంది. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. 

ఇప్పుడు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్దాం. 

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఒక ఆర్డరు వేశాడు: ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏం చదువుతున్నారు, లెక్క పంపండి అని. అప్పుడు మా గంపలగూడెం వైపంతా మచిలీపట్నం కలెక్టరు కింద ఉండేది. కృష్ణా జిల్లా అనే పేరు 1859లో గానీ రాలేదు. లెక్కలన్నీ కూడితే మద్రాసు రాష్ట్రం మొత్తం మీద 12,498 బడులు తేలాయి. 1826లో మన్రో రాసిన నోట్‌లో ఈ అంకె ఉంది. 

చాలామంది కలెక్టర్లు అంకెలు పంపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో పెద్ద రిపోర్టే రాశాడు. ఈయన మామూలు కలెక్టరు కాదు. అంతకు ముందే, 1816లో, తెలుగు వ్యాకరణం మీద ఇంగ్లీషులో పుస్తకం వేసినవాడు. బళ్లారిలో అప్పుడు తెలుగు బడులు, కన్నడ బడులు రెండూ ఉండేవి. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పాడు. 

ఆ రిపోర్టు చదువుతుంటే బడి కళ్లకు కడుతుంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా: మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి చిన్న దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంది. మన ఇప్పటి లేట్ ఫైన్ కన్నా లెక్క పక్కాగా ఉంది. ఇసకలో వేలితో రాయించేవాళ్లు. కాస్త ముందున్న పిల్లలు వెనకబడ్డ పిల్లలకు నేర్పేవాళ్లు. ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదని, ఇంగ్లండు దీన్ని కాపీ కొట్టి మంచి పని చేసిందని క్యాంప్‌బెల్ ఒప్పుకున్నాడు. అది నిజమే. 1789 నుంచి మద్రాసులో ఒక అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే పుస్తకంగా రాసి తీసుకెళ్తే, అక్కడ 'మద్రాసు సిస్టం' అనే పేరుతో వందల బడులు నడిచాయి. 

కానీ అదే రిపోర్టులో ఇంకో మాట ఉంది, అది చేదుగా ఉంటుంది. పిల్లలకు లెక్కలేనన్ని పద్యాలు కంఠతా వచ్చు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. కారణం కూడా చెప్పాడు. ఆ పద్యాల భాష వాళ్లు మాట్లాడే భాష కాదు. చెప్పే పంతులుకే చాలాసార్లు అది పూర్తిగా తెలియదు. కాబట్టి పిల్లాడు అడగడు, అడిగినా పంతులు చెప్పలేడు. బడి మాత్రం సాఫీగా నడిచిపోతుంది. 

తెల్లదొర కాబట్టి మన చదువును తక్కువ చేసి రాశాడులే అని కొందరు తీసిపారేస్తారు. నేనలా అనుకోను. బడులు ఎందుకు తగ్గిపోతున్నాయంటే జనం పేదవాళ్లైపోతున్నారు, విదేశీ బట్ట వచ్చి చేనేత దెబ్బతింది అని రాసింది కూడా ఈయనే. తన సొంత ప్రభుత్వానికి రుచించని మాట రాసినవాడు ఈ మాటనూ నిజాయితీగానే రాసి ఉంటాడు. ఆయన సరిగ్గా లెక్కలోకి తీసుకోని సంగతి వేరే ఉంది. ఆ అరుగుల మీద దళిత పిల్లలకు చోటు లేదు, ఆడపిల్లలు ఏ కొద్దిమందో. ఎవరు చదవాలి అనేదే తేలని చోట, ఎవరికి అర్థమైంది అనే ప్రశ్న చాలా దూరం. 

సరే, తర్వాత ఏమైంది? అచ్చు పుస్తకాలు వచ్చాయి, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. 1860ల చివర్లో మద్రాసు ప్రభుత్వం ఫలితాన్ని బట్టి గ్రాంటు అనే పద్ధతి పెట్టింది. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ఒక్కో పిల్లాడితో చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. పాసైన తల ఒక్కింటికి ఇంత డబ్బు. బతుకుతెరువు ఆ డబ్బు మీదే ఉన్న పంతులు ఏం చేస్తాడు? ఆ పేజీలే బట్టీ పెట్టిస్తాడు. నేనైనా అదే చేస్తాను. ఇంగ్లండులో ఇదే పద్ధతి 1862లో మొదలైంది. అక్కడ మాథ్యూ ఆర్నాల్డ్ అనే పెద్ద కవి బడుల ఇన్‌స్పెక్టరుగా కూడా పనిచేసేవాడు. నిజంగా చదవడం రాని పిల్లల్ని కూడా ఈ పరీక్ష గట్టెక్కించవచ్చని ఆయన 1860ల్లోనే రిపోర్టు రాశాడు. ఇంగ్లండు ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని వదిలేసింది. మన దగ్గర పద్ధతి పోయినా అలవాటు నిలిచిపోయింది. ఇప్పటికీ బడికి పైఅధికారి వస్తున్నారంటే, బాగా చదివే ఇద్దరు పిల్లల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టడం మీరు చూడలేదూ? 

ఇక్కడి నుంచి కథ ఉత్తరానికి, పర్లాకిమిడికి వెళ్తుంది. ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పట్లో గంజాం జిల్లా. అక్కడ బడిలో గిడుగు వెంకట రామమూర్తి అనే మాస్టారు ఉండేవారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం స్టేటస్‌లు పెడతారు కదా, అది ఆయన పుట్టినరోజే. 1863లో పుట్టారు. మనం ఆయన్ని వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని ఒక్క వాక్యంలో చుట్టేస్తాం. అసలు గొడవ మొదలైంది మాత్రం క్లాస్‌రూంలో. 

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర కోస్తాలో బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. ఆయనకొక విషయం అంతుపట్టలేదు. బయట జనం మాట్లాడేది ఒక తెలుగు, బడిలో పిల్లలు చదివేది ఇంకో తెలుగు. ఒక క్లాసులో పిల్లలకు పుస్తకంలో వాక్యాన్ని మళ్లీ వాళ్ల తెలుగులోకి 'అనువాదం' చేసి చెప్పాల్సొస్తోంది, ఇదేంటి? ఈ ప్రశ్న ఆయన గురజాడ అప్పారావు గారి దాకా, గిడుగు గారి దాకా తీసుకొచ్చాడు. పరాయివాడికి వింతగా కనిపించింది మనకు అప్పటిదాకా మామూలుగా ఉంది. 

గిడుగు గారికి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు, అదీ విశేషం. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాష వేరు, తెలుగుతో చుట్టరికం లేని భాష. గిడుగు ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సవర భాషలోనే, తెలుగు లిపిలో, వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు నడిపించారు. తర్వాత సవర వ్యాకరణం, నిఘంటువు 1930ల్లో అచ్చయ్యాయి. చూడండి, సవర పిల్లాడికి తెలుగు వాచకం ఇస్తే వాడు శబ్దం నేర్చుకుంటాడు తప్ప చదవడు అని తెలిసిన మనిషికి, తెలుగు పిల్లాడికి గ్రాంథికం ఇస్తే జరిగేది కూడా అదేనని అర్థం కావడం కష్టం కాదు. నా ఉద్దేశంలో ఆయన తెలుగు పోరాటానికి బీజం సవర కొండల్లో ఉంది. 

మద్రాసులో పెద్ద యుద్ధమే నడిచింది. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి జయంతి రామయ్య పంతులు గారి వంటి వాళ్లు గ్రాంథికం వైపు నిలిచారు. 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాశారు. పరీక్షల్లో వాడుక భాషకు ఇచ్చిన అవకాశం కాస్తా వెనక్కి పోయింది. గిడుగు 1940లో కన్నుమూశారు. బడి పుస్తకంలో వాడుక తెలుగు నిలదొక్కుకోవడానికి ఆ తర్వాత కూడా దశాబ్దాలు పట్టింది. 

మా ఊరు సరిహద్దు ఊరు కాబట్టి ఇంకో చిన్న సంగతి. అప్పట్లో ఇటు బ్రిటిష్ ఇలాకా, అటు మధిర వైపు నిజాం ఇలాకా. ఇటు పిల్లాడు పై చదువుకు వెళ్తే ఇంగ్లీషు, అటు పిల్లాడు వెళ్తే ఉర్దూ. ఇంటి మాట ఇద్దరిదీ తెలుగే. వేరే భాషలో బట్టీ కొట్టే బాధ సరిహద్దుకు రెండు వైపులా సమానంగా ఉండేది. 

స్వాతంత్ర్యం తర్వాత బడుల సంఖ్య పెరిగింది, అది పెద్ద విజయమే, దానికి వేరే ఎపిసోడ్ కావాలి. క్లాసులో పిల్లలు మాట్లాడాలి అని ఒక ప్రభుత్వ పథకం సీరియస్‌గా చెప్పడం మాత్రం 1980ల్లో మొదలైంది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్. డబ్బు బ్రిటన్ నుంచి వచ్చింది. 1983-84లో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా పెట్టి, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించారు. అందులో ఆరు బోధనా సూత్రాలు ఉండేవి. పిల్లలు చేసి, కనిపెట్టి నేర్చుకోవాలి. ఒంటరిగా, గుంపుగా, క్లాసంతా కలిసి పనిచేయాలి. ఊళ్లో ఉన్న వస్తువులే పాఠం కావాలి. పిల్లల పనిని గోడకు ప్రదర్శించాలి, ఇలా. టీచర్లు కలుసుకుని మాట్లాడుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. 

సూత్రాలు అద్భుతం. అయితే వీటిలో ఏది తేలికో ఆలోచించండి. గోడకు తాడు కట్టి బొమ్మలు వేలాడదీయడం ఒక్క పూట పని, వచ్చిన అధికారికి కనిపిస్తుంది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టడమూ తేలికే. గుండ్రంగా కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు పాఠం గురించి మాట్లాడుకోవడం? అది ఫొటోలో పడదు. అదే కాలంలో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఊరి బడుల కోసం కార్డులతో, నిచ్చెన మెట్లలా ఒక పద్ధతి తయారుచేశారు. ఒకే గదిలో రెండు మూడు తరగతులుండే చిన్న బడులకు అది బాగా పనికొచ్చింది. పక్క రాష్ట్రం తమిళనాడు దాన్ని చూసి పెద్ద ఎత్తున తీసుకుంది. మన దగ్గర మాత్రం అంతగా వేళ్లూనుకోలేదు. 

ఇప్పుడు అసలు కథ. నిజంగా ఒక పాఠం చదివి, దాని మీద మాట్లాడుకుని, అర్థం చేసుకున్న తెలుగు క్లాసు ఏదైనా ఉందా అంటే, ఉంది. అయితే అందులో కూర్చున్నది పిల్లలు కాదు. వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు. 

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. జిల్లా అధికారులు, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు కలిసి నడిపించారు. రోజంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రి పూట దీపం దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో 'అ అంటే అరటి' దగ్గరే ఆగిపోలేదు. సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల చితికిపోయిన ఒక పేద ఇల్లాలి కథ. 

ఆ పాఠం చదవడానికి వాళ్లకు ఎంత కష్టమైందో ఊహించండి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి ఉంటారు. మన పిల్లాడిలా గడగడా రాదు. స్పీడ్ టెస్టు పెడితే అందరూ ఫెయిలే. కానీ చదివాక ఏం జరిగింది? ఈ సీతమ్మ మన ఇంట్లోనే ఉంది కదా అన్నారు. మరి మన ఊళ్లో సారాయి కొట్టు ఎందుకుంది అని అడిగారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారాయి అమ్మకం ఆపించారు. వాళ్ల గెలుపు తర్వాతి పుస్తకంలో పాఠమైంది, 'ఆడవాళ్లు ఏకమైతే' అని. ఆ పాఠం చదివి ఇంకో ఊరు, ఇంకో ఊరు. వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధించారు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. అది రెండేళ్లకే సడలిపోయింది, ఆ రాజకీయం వేరు. 

నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, నెల్లూరు క్లాసులో జరిగింది ఏదీ మాయ కాదు. పాఠం వాళ్ల భాషలో ఉంది. పాఠంలో ఉన్నది వాళ్లకు తెలిసిన బతుకు. ప్రశ్నకు జవాబు పుస్తకంలో లేదు, వాళ్ల దగ్గర ఉంది. జవాబు తప్పైతే కొట్టేవాళ్లు లేరు. ఈ నాలుగూ మూడో తరగతి పిల్లలకు ఇస్తే వాళ్లు మాత్రం ఎందుకు మాట్లాడరు? 

2012 నుంచి వచ్చిన మన తెలుగు వాచకాలు ఈ మాట పట్టుకున్నాయనే చెప్పాలి. మీలో చాలామంది ఆ పుస్తకాలే చదివారు. గుర్తుందా, పాఠానికి ముందు ఒక బొమ్మ, కింద ప్రశ్నలు: బొమ్మలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు. పాఠం చివర 'ఇవి చేయండి' అని ఉంటుంది. అందులో మొదటిది వినడం - ఆలోచించి మాట్లాడడం. తర్వాతే చదవడం, రాయడం. అంటే పుస్తకం రాసినవాళ్లు మాటకు మొదటి స్థానం ఇచ్చారు. 

మరి క్లాసులో? నేను చదివిన బడిలో, పేరు అనవసరం, బొమ్మ పేజీ తిప్పేసి పాఠంలోకి వెళ్లిపోయేవాళ్లం. 'ఆలోచించి మాట్లాడడం' కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద ఉండేవి. నలభై మందిమి ఒకే ఆలోచనను నలభై నోటుబుక్కుల్లో ఎక్కించుకునేవాళ్లం. 'నీకు ఏ పండగ ఇష్టం? ఎందుకు?' అనే ప్రశ్నకు కూడా. మా క్లాసులో అందరికీ సంక్రాంతే ఇష్టం. క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు, అయినా సంక్రాంతే, ఎందుకంటే బోర్డు మీద అదే ఉంది. టీచరుది ఒక్కరిదే తప్పనడానికీ లేదు. రెండు క్లాసులు ఒక్కరే చూసుకోవాలి, సిలబస్ అవ్వాలి, నోటుబుక్కులు నిండి ఉండాలి. మాటను ఎవరూ తనిఖీ చేయరు, నోటుబుక్కునే చేస్తారు. 

అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసులు రికార్డు చేసి టైం లెక్కపెట్టింది. టీచరు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఈలోపు జవాబు రాకపోతే ఇంకొకరిని అడగడమో, తామే చెప్పేయడమో. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు! మనం ఒక రీల్ నచ్చలేదని స్క్రోల్ చేయడానికి కూడా దాదాపు అంత టైం తీసుకుంటాం. 

2022 నాటి పరిస్థితి అంకెల్లో చెప్తాను, వినడానికి బాగోదు. అసర్ అని ఒక సర్వే ఉంది, పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలతో చదివిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం. కరోనా తర్వాత, 2022లో, 10.3 శాతం. తెలంగాణలో 18.1 నుంచి 5.2కి పడింది. గమనించండి, ఇది పైకి చదవడం గురించి మాత్రమే. అర్థం సంగతి ఇంకా మొదలే కాలేదు. దాంతో పాటు 2020 నుంచి చిన్న తరగతుల పుస్తకాలు ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో వస్తున్నాయి. తెలుగు పేజీ పక్కనే ఉండటం మంచిదే. ఇంగ్లీషు పేజీని శబ్దంగా, తెలుగు పేజీని అసలు చూడకుండా వదిలేస్తే మాత్రం యేట్స్ అడిగిన ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. 

కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ అని ఒక మిషన్ పెట్టింది. 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ అర్థంతో చదవడం రావాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని లక్ష్యం. లక్ష్యంలో 'అర్థంతో' అన్న మాట స్పష్టంగా ఉంది, అది నేను ఒప్పుకుంటాను. కానీ ఫోన్‌లో స్టాప్‌వాచ్ అందరికీ ఉంది, అర్థం కొలిచే యాప్ ఎవరికీ లేదు. కొలవగలిగిందే కొలుస్తారు. 1860ల ఇన్‌స్పెక్టరు నాకు ఇక్కడ గుర్తొస్తున్నాడు. 

'అర్థం' అనేది ఎక్కడుంటుంది అసలు? 1988లో రెక్ట్, లెస్లీ అని ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించి ఒక పాఠం ఇచ్చారు. చదవడంలో వెనకబడినా బేస్‌బాల్ తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లల కంటే మెరుగ్గా చెప్పారు. మనకైతే ఐపీఎల్ ఉదాహరణ చాలు. 'ఆఖరి ఓవర్‌లో యార్కర్ వేశాడు' అని చదివితే మీకు సినిమా కనబడుతుంది. మా అమ్మమ్మకు నాలుగు మాటలు కనబడతాయి. 

అందుకే బయటి నుంచి వచ్చిన పాఠం దగ్గర నోరెత్తని పిల్లలు అసలేమీ తెలియనివాళ్లు కాదు. మా చుట్టుపక్కల లంబాడీ తండాలున్నాయి. ఆ పిల్లల ఇంటి భాష తెలుగు కాదు. 2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేసింది. అందులో సవర ఉంది, బంజారా కూడా ఉంది. గిడుగు గారి పని ప్రభుత్వం చేతికి రావడానికి వంద ఏళ్లు పట్టిందన్నమాట. అవి ప్రతి తండాకూ చేరలేదు, కొన్ని బడుల్లోనే నడిచాయి. 

ఈ ఎపిసోడ్ కోసం చదువుతున్నప్పుడు నేనే ఒక చిన్న పేరా రాసి, మా వీధిలో సాయంత్రం ఆడుకునే నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలకు ఇచ్చాను. ఇదీ ఆ పేరా: 

రంగయ్య మామిడి తోట ఈ ఏడు విరగబూసింది. సంక్రాంతి వెళ్లాక మబ్బులు పట్టాయి. తేనెమంచు పురుగు దిగింది. కూతురు కాలేజీ నుంచి ఫోన్ చేసింది. రంగయ్య "ఇంకో నెల ఆగమని మీ సారుకి చెప్పమ్మా" అన్నాడు. 

ఒక పిల్లాడు తప్పు లేకుండా చదివాడు. తోట ఎవరిది అన్నాను, రంగయ్యది అన్నారు అందరూ. పండగ ఏది అన్నాను, సంక్రాంతి. ఈ రెండూ బడి ప్రశ్నలు, జవాబు వాక్యంలోనే ఉంది, ఏరుకోవడమే. తర్వాత, ఎందుకు ఆగమన్నాడు అని అడిగి ఊరుకున్నాను. పేరాలో ఫీజు అనే మాట లేదు, డబ్బు అనే మాట లేదు. లోపల్లోపల మూడు దాకా లెక్కపెట్టుకున్నాను. చాలాసేపు అనిపించింది. 

ఒకడు "ఫోన్‌లో బ్యాలెన్స్ లేదేమో" అన్నాడు, అందరూ నవ్వారు. అప్పటిదాకా వెనక నిలబడ్డ ఒక పాప మాట్లాడింది. వాళ్లింట్లో తోట పనికి వెళ్తారు. తేనెమంచు వస్తే పూత మాడిపోద్ది, కాయ నిలబడదు, నున్న మార్కెట్‌కి వేసుకెళ్లడానికి ఏమీ ఉండదు, ఇంక ఫీజు ఎక్కడి నుంచి కడతాడు అంది. ఆ పాప చదువులో వెనక అని వాళ్ల అమ్మే నాకు చెప్పింది. 

అంతటితో ఆగలేదు. "అన్నా, తోట పూత మీదే వ్యాపారికి అమ్మేశారా, వాళ్లే కోసుకుంటారా?" అని నన్ను అడిగింది. ఎందుకమ్మా అన్నాను. "అమ్మేస్తే పురుగు నష్టం వ్యాపారిది కదా, రంగయ్యది కాదు. అప్పుడు నెల ఎందుకు ఆగమంటాడు?" 

నా పేరాలో దానికి జవాబు లేదు. మిగతా పిల్లలు అప్పుడు వాళ్ల వాళ్ల తోటల సంగతి మొదలుపెట్టారు, బంగినపల్లి అయితే ఒకలాగ, కలెక్టరు కాయ అయితే ఒకలాగ అని. చీకటి పడేదాకా ఆ గొడవ తెగలేదు. 

వచ్చే ఎపిసోడ్‌లో ఆంధ్రదేశంలో గ్రంథాలయ ఉద్యమం, కాలవల మీద పడవలో పుస్తకాలు తీసుకెళ్లిన కథ చెప్పుకుందాం. ఉంటాను, నమస్తే.